ఒక్కడికి ఒక ప్లేటు ఉగ్గాని

ఆదివారం ఆదోనిలో పత్తి యార్డుకు సెలవు. ఆ సెలవును ఎమ్మిగనూరు పోయి ఒంటరిగా టిఫిన్ తినడానికి వాడుకోవాలని చెన్నకేశవులు నిశ్చయించుకున్నాడు. యాభై దాటిన మనిషి, ఊళ్ళో పేరున్న పత్తి వ్యాపారి. ఇంట్లో చెప్పుకోలేని పని చేయబోవడం అతనికి ఇదే మొదటిసారి.

ఆలోచన అతనిది కాదు, కూతురు వర్షిణిది. చెన్నకేశవులు అన్నం తినడం చూసినవాళ్ళు అతను తింటున్నాడని అనుకోరు, బోరెం సంచిలో పత్తి కుక్కుతున్నాడని అనుకుంటారు. ఒక చేతిలో ముద్ద, ఇంకో చేతిలో ఫోను, చెవిలో గుంటూరు ధర. నోట్లో పడింది ఏమిటో నాలుకకు తెలిసేలోపే అది కడుపులో ఉంటుంది. కొన్నాళ్ళకు కడుపులో మంట మొదలైంది. డాక్టరు మాత్రలు రాసిచ్చి, నిదానంగా తినమన్నాడు. మాత్రలు మందుల షాపులో దొరికాయి. నిదానం దొరకలేదు. బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న వర్షిణి ఈ సంగతి విని ఫోన్లోనే వైద్యం మొదలుపెట్టింది.

"నాన్నా, ఒక్కరోజు ఒంటరిగా వేరే ఊరికి పో. నిన్నెవరూ గుర్తుపట్టని హోటల్లో కూచో. ఫోన్ ఆపెయ్. ముందు ప్లేటును బాగా చూడు, వాసన చూడు, ఒక్కొక్క ముద్ద నమిలి నమిలి తిను. తినేటప్పుడు ఎవరితోనూ మాట్లాడొద్దు. ఏమనిపిస్తే అది నోట్‌బుక్‌లో రాసుకో. మా ఆఫీసులో అందరూ చేస్తారు. మైండ్‌ఫుల్ జర్నలింగ్ అంటారు."

"నా మైండు ఎప్పుడూ ఫుల్లే కదమ్మా."

"అందుకే కదా ఖాళీ చెయ్యమనేది! ఇంకో మాట నాన్నా. అది తిండి అనుకోవద్దు. ఒక మనిషిని కొత్తగా కలిసినట్టు రాయాల."

వర్షిణి స్నేహితులు ఇందుకోసం గోవా, పాండిచ్చేరి పోతారట. పొద్దు మునిగేలోపు తిరిగి ఇంటికి చేరగలిగిన పరదేశం చెన్నకేశవులుకు ఎమ్మిగనూరు ఒక్కటే తోచింది.

భార్య కనకమ్మకు ఏం చెప్పాలన్నదే అసలు చిక్కు. పెళ్ళయిన నాటి నుంచి మూడు పూటలా వండి పెడుతున్న మనిషితో, పొరుగూరి హోటలుకు పోయి, ఒక్కణ్ణే కూర్చుని, ఆనందంగా తిని, దాన్ని గురించి రాసుకుని వస్తానని చెప్పే ధైర్యం అతనికి లేదు.

"జిన్నింగు మిల్లాయన్ను కలిసేది ఉంది. ఎమ్మిగనూరు పోయొస్తా," అన్నాడు చెప్పులు వేసుకుంటూ.

"ఆదివారం మిల్లు యాడ తెరిచుంటారండి?"

"మిల్లు తెరవరు. మనిషి ఉంటాడు."

కనకమ్మ అతని ముఖంలోకి ఒకసారి చూసి వంటింట్లోకి పోయింది. స్టీలు డబ్బా నిండా చిత్రాన్నం పెట్టి, సంచిలో వేసి చేతికిచ్చింది. "బయట గడ్డి తినద్దండి. మళ్ళా కడుపు మంట అంటారు." చెన్నకేశవులు ఆ సంచిని దొంగసొత్తులా చంకలో పెట్టుకుని బస్సెక్కాడు. సీట్లో కూర్చోగానే కూతురు చెప్పినట్టు ఫోను ఆపేశాడు.

ఎమ్మిగనూరులో బస్సు దిగి, సోమప్ప సర్కిల్ దాటి కొంచెం ముందుకు పోతే శేషన్న హోటలు వచ్చింది. ముందు రేకుల పందిరి, లోపల నాలుగైదు బల్లలు, వెనక వంటిల్లు. వంట గంగమ్మది. గల్లాపెట్టె ఆమె మొగుడు శేషన్నది. ఇద్దరి మధ్యా ప్లేట్లు పట్టుకుని పరుగెత్తే పని వెంకటేశులుది.

"ఎంతమంది అన్నా?" అన్నాడు శేషన్న.

"ఒక్కణ్ణే."

"ఎనక వస్తాండేవాళ్ళు?"

"ఎవరూ రారు. నాకు ఆ మూల బల్ల కావాల. పక్కన ఎవరినీ కూచోబెట్టొద్దు. ఒక ప్లేటు ఉగ్గాని, బజ్జీ."

శేషన్నకు మనసు చివుక్కుమంది. ఆదివారం పూట, మంచి ఇస్త్రీ చొక్కా వేసుకున్న మనిషి, వెనక ఎవరూ రారంటున్నాడు. "యా ఊరన్నా మనది?" అని మెల్లగా అడిగాడు.

"ఆదోని."

"ఆదోనిలో ఉగ్గాని లేదా?"

ఈ ప్రశ్నకు ఆదోనిలో పుట్టినవాడెవడూ జవాబు చెప్పలేడు. వీధికి రెండు చోట్ల ఉగ్గాని దొరికే ఊరి నుంచి బస్సెక్కి వచ్చి ఉగ్గాని అడిగే మనిషికి ఇంట్లో ఏదో అయిందని శేషన్న తేల్చుకున్నాడు.

ప్లేటు వచ్చింది. పొరుగు జిల్లాలవాళ్ళు మరమరాలనే బొరుగులు, నానబెట్టి పిండినవి, పసుపు, ఉల్లిపాయలు, పైన పుట్నాల పప్పుల పొడి. పక్కన రెండు మిరపకాయ బజ్జీలు. చెన్నకేశవులు చెయ్యి వేయలేదు. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని చూస్తూ కూర్చున్నాడు. వెంకటేశులు కూడా వంగి చూశాడు.

"ఏమన్నా పడిందా అన్నా?"

"లేదు."

"ఎంట్రుకా?"

"లేదప్పా. చూస్తాండా అంతే."

వెంకటేశులు గల్లా దగ్గరికి పోయి గొంతు తగ్గించాడు. "అన్నా, ఆయప్ప ప్లేటును సూస్తాండాడు."

"తినేకి ముందు అందరూ చూస్తార్లేరా."

"అట్ల కాదు. సూస్తానే ఉండాడు. ఇప్పుడు కండ్లు మూసుకొని వాసన పీలుస్తాండాడు."

చెన్నకేశవులు మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని నమిలాడు. ఇంకా నమిలాడు. నిమ్మకాయ పులుపు ఒకచోట తగిలింది, పప్పుల పొడి ఇంకోచోట కరిగింది. ఇన్నేళ్ళూ తాను తిన్న ఉగ్గానిలో ఇవన్నీ ఉండేవా అని అతను నిజంగా ఆశ్చర్యపోయాడు. ఒళ్ళు తేలికైంది. జేబులోంచి నోట్‌బుక్, కలం తీసి గబగబా రాశాడు. రాతలో మాత్రం తొందర పోలేదు.

తర్వాత బజ్జీ అందుకున్నాడు. ఇదివరకు అతను బజ్జీలు మింగే వేగానికి మిరపకాయ తన పని చేయడానికి సమయం చిక్కేది కాదు. ఈ రోజు నిదానంగా, ధ్యాసగా, గింజ గింజా తగిలేటట్టు నమిలాడు. చెవుల్లోంచి ఆవిరి వచ్చినట్టయింది. కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారాయి. ఏమనిపిస్తే అది రాయమంది కాబట్టి, కళ్ళు తుడుచుకోకుండానే రాస్తూ పోయాడు.

సరిగ్గా అప్పుడే సంతోషమ్మ హోటల్లోకి వచ్చింది. ఆదోనిలో వాళ్ళ వీధిలోనే బట్టలు కుడుతుంది. ఎమ్మిగనూరులో కూతురింటికి వచ్చి, చర్చి అయిపోయాక పిల్లలకు ఇడ్లీ పార్శిల్ తీసుకుపోదామని ఇక్కడ ఆగింది. మూల బల్ల దగ్గర కన్నీళ్ళతో ఉన్న మనిషిని చూసి ఆమె గుండె జల్లుమంది.

"అన్నా! చెన్నకేశవన్నా! ఏమైందన్నా?"

నోట్లో బజ్జీ ఉంది. మాట్లాడకూడదన్నది నియమం. చెన్నకేశవులు అరచెయ్యి ఎత్తి వద్దన్నట్టు ఊపి, తల అడ్డంగా తిప్పాడు. రెండు కన్నీటి బొట్లు నోట్‌బుక్ మీద పడ్డాయి. సంతోషమ్మ చూపు అతని పక్కనున్న సంచి మీద పడింది. పందిరి కిందికి పోయి కనకమ్మకు ఫోన్ చేసింది.

"వదినా, అన్న ఈడ ఎమ్మిగనూర్లో హోటల్లో కూచోని ఏడుస్తాండాడు."

"ఏడుస్తాండాడా? ఆ మిల్లాయన ఏమన్నా అన్నాడా?"

"మిల్లాయన లేడు, ఎవరూ లేరు. ఒక్కడే. ఏడుస్తా ఏందో రాస్తాండాడు. నేను పిలిస్తే, చెప్పుకునేకి కాదన్నట్టు చెయ్యి ఊపినాడు. సంచి సర్దుకోని వచ్చినాడు వదినా!"

"సంచిలో ఉండేది చిత్రాన్నం లేమ్మా. అది తిన్నాడా?"

"సంచి ముట్టనే లేదు. ఉగ్గాని తింటాండాడు."

అవతల ఫోను పెట్టేసిన చప్పుడైంది. కనకమ్మ మొగుడి ఫోనుకు చేసి చూసింది. ఆపేసి ఉంది. తమ్ముడు మారుతికి కొత్త కారు ఉంది. దాన్ని బయటికి తీయడానికి అతను మంచి కారణం కోసం ఎదురుచూస్తున్నాడు. అక్కాతమ్ముళ్ళు వెంటనే బయల్దేరారు.

ఇక్కడ శేషన్న ఊరుకోలేకపోయాడు. "ఏడ్చే మనిషిని ఒంటరిగా వదిలేసినామంటే మన ఎమ్మిగనూరుకు చెడ్డపేరు. పోయి తోడు కూచోండప్పా," అని ఇద్దరిని పంపాడు. ఒకడు విత్తనాల అంగడి లోకేష్. ఇంకొకాయన దేవనకొండ నుంచి పనిమీద వచ్చిన రైతు అయ్యన్న. ఇద్దరూ తమ కాఫీ గ్లాసులతో వచ్చి చెన్నకేశవులుకు అటొకరు ఇటొకరు కూర్చున్నారు.

"నాకు కొంచెంసేపు ఒంటరిగా ఉండాలనుంది," అన్నాడు చెన్నకేశవులు నియమం తప్పి.

"ఒంటరిగా ఉండాలనిపించినప్పుడే మనిషి నలుగుర్లో ఉండాలన్నా," అన్నాడు లోకేష్.

అయ్యన్న అతని తొడ మీద చెయ్యి వేశాడు. "ఏడువప్పా, ఏడువు. మొగోడు ఏడవకూడదు అనేటోళ్ళకు ఏం తెలుసు? మా ఇంట్లో బర్రెగొడ్డు ఉంది. దాన్ని నేను కొనుక్కొస్తి. నేనే మేపుతి. ఇప్పుడు మా ఆడమనిషి దగ్గరికి పోతే పాలిస్తుంది, నేను పోతే తంతుంది. నేను ఎవరితో చెప్పుకునేది?" చెబుతూ చెబుతూ అయ్యన్నకు కూడా కళ్ళు తడిసాయి.

చెన్నకేశవులు ప్లేటు పట్టుకుని పక్క బల్లకు మారాడు. వాళ్ళు గ్లాసులు పట్టుకుని అక్కడికి వచ్చారు. మూడో బల్లకు మారేసరికి వెనక అయిదారుగురు ఉన్నారు. కొత్తగా వచ్చినవాళ్ళకు సంగతి తెలియదు కానీ, అందరూ అక్కడే కూర్చుంటున్నారు కాబట్టి బాగుండే తిండి ఏదో అక్కడే పెడతారనుకున్నారు. ఒకాయన అల్లుడి గురించి చెప్పాడు. ఇంకొకాయన మోకాలి గురించి చెప్పాడు. మధ్యలో చెన్నకేశవులు ఒక్కో బొరుగు ఏరుకుని నములుతూ, దొరికిన సందులో ఒక్కో వాక్యం రాసుకుంటూ కూర్చున్నాడు. అలా దాదాపు గంట గడిచినా ప్లేటు ఇంకా ఖాళీ కాలేదు. చివరికి కారం చేత్తో కన్ను నలుపుకోవడంతో చూపు ఆనలేదు. లేచి తడుముకుంటూ పెరట్లో కొళాయి దగ్గరికి పోయాడు. నోట్‌బుక్ బల్ల మీదే ఉంది.

"దాంట్లో ఇంటి ఫోన్ నంబరు ఏమన్నా ఉంటాదేమో సూడురా," అన్నాడు శేషన్న దయగా.

వెంకటేశులు తెరిచాడు. అతనికి చదవడం వచ్చు కానీ లోపల చదువుకోవడం రాదు. చదివితే పైకే చదవాలి. అప్పటికే సంతోషమ్మకు కనకమ్మ నుంచి మళ్ళీ ఫోన్ వచ్చింది. కారు ఊరి పొలిమేరకు చేరిందట. హోటలు ఎక్కడో చెబుతున్న సంతోషమ్మ, వెంకటేశులు గొంతు వినగానే స్పీకరు పెట్టి ఫోన్ అటు తిప్పింది.

"ఎదురుగా వచ్చి ఆగింది," అని మొదలుపెట్టాడు వెంకటేశులు. "పసుపు రాసుకున్నట్టు పచ్చగా ఉంది. నేను తొందరపడలేదు. ముందు కళ్ళారా చూశాను. దగ్గరికి వంగి వాసన పీల్చాను. తాకితే మెత్తగా, వెచ్చగా ఉంది. చిన్నప్పటి నుంచి పరిచయమే. కానీ ఇంత దగ్గరగా ఏనాడూ చూసుకోలేదు. పక్కనున్నదాని సంగతి వేరే. పైకి మెత్తన, లోపల నిప్పు. కొరికాను."

వెంకటేశులు ఆగాడు.

"కొరికినాడా?" అన్నాడు లోకేష్.

"కొరికాను అనే ఉంది అన్నా."

"ముందుకు చదువు."

"కన్నీళ్ళు వచ్చాయి. అయినా వదలబుద్ధి కాలేదు. ఇంట్లో ఇన్నేళ్ళలో ఇలాంటి సుఖం ఎరుగను. ఈ సంగతి కనకానికి తెలియకూడదు."

మన భాషలో ఆడమనిషి వచ్చినా వచ్చింది అంటాం, ఉగ్గాని వచ్చినా వచ్చింది అంటాం. ఈ సౌకర్యం పెట్టిన పెద్దలు ఎమ్మిగనూరు హోటళ్ళను దృష్టిలో పెట్టుకుని ఉండరు. హోటల్లో అందరూ నోళ్ళు తెరుచుకుని ఉండగా, సంతోషమ్మ చేతిలోని ఫోను మాట్లాడింది.

"కొరికింది యాడో ఇంకోసారి చదవమను," అంది కనకమ్మ.

"ఇద్దరు వదినా, ఇద్దరు! ఒకామె పచ్చగా ఉందంట!" అని సంతోషమ్మ చెంపలు వాయించుకుంది.

అప్పుడు అందరికీ ఒకే అనుమానం వచ్చింది. ఆయన పొద్దున్నుంచి ఈ హోటలు దాటి పోలేదు. మరి ఆ ఆడవాళ్ళు ఎప్పుడు వచ్చారు? కళ్ళన్నీ సంతోషమ్మ మీదికి తిరిగాయి. "నన్నేమప్పా చూస్తారు! నేను వచ్చేసరికే ఏడుస్తాండె," అని ఆమె గట్టిగా అంది. కళ్ళు ఆమెను వదిలి, మెల్లగా, వెనకనున్న వంటింటి వైపు పోయాయి.

గంగమ్మ ప్రతి ఆదివారం ముఖానికి పసుపు రాసుకుంటుంది. గంగమ్మ పుట్టిల్లు ఆదోని.

శేషన్న గల్లాపెట్టె మూసి లేచాడు. పొద్దున్నుంచి ఆ మనిషి మీద కురిపించిన దయ అంతా అతని ముఖంలో నుంచి ఇంకిపోయింది. వంటింటి గడపలో నిలబడి, "ఆదోని నుంచి ఎవరొచ్చినారో సూసినావా?" అని అడిగాడు.

"ఎవరు?" అంది గంగమ్మ, బాణలిలో బజ్జీలు తిప్పుతూ.

"నన్నడుగుతావేం? చిన్నప్పటి నుంచి పరిచయమంట గదా!"

గంగమ్మ అతన్ని ఎగాదిగా చూసి, జల్లిగంటె చేతిలో పట్టుకునే బయటికి వచ్చింది. అటువైపు నుంచి చెన్నకేశవులు ముఖం తుడుచుకుంటూ పెరట్లోంచి వచ్చాడు. ఇద్దరూ ఒకేసారి హోటల్లో అడుగుపెట్టడం చూసి జనం ఒక్కసారిగా ఊపిరి పీల్చారు.

"కొరికినావా?" అన్నాడు శేషన్న.

"కొరికినా," అన్నాడు చెన్నకేశవులు, ఏం జరిగిందో తెలియక.

"ఎట్లుంది?"

"బాగుంది. కొంచెం ఘాటు. కండ్లల్లో నీళ్ళొచ్చినాయి."

"సిగ్గు లేదా నీకు? పెండ్లాం ఉంది కదా ఇంట్లో?"

"ఆమెకు చెప్పలేదు. మా కూతురికి మాత్రం తెలుసు."

"కూతురికి తెలుసా!" అన్నాడు అయ్యన్న నెత్తిన చెయ్యి పెట్టుకుని.

"ఆ అమ్మాయే పంపించింది. తొందరపడొద్దు నాన్నా, నిదానంగా కానీ అని చెప్పింది. వాళ్ళ ఆఫీసులో అందరూ చేస్తారంట."

లోకేష్ తన కాఫీ గ్లాసు కింద పెట్టాడు. బెంగళూరు గురించి అతను చాలా విన్నాడు కానీ ఇంత విన్లేదు.

బయట కారు ఆగింది. కనకమ్మ దిగింది. దారి పొడవునా ఏడ్చి ఉంటుందని సంతోషమ్మ అనుకుంది కానీ, ఆమె కళ్ళు పొడిగా, ఎర్రగా ఉన్నాయి. వెనక మారుతి కారు తాళం తిప్పుకుంటూ వచ్చాడు. జనం పక్కకు జరిగి దారి ఇచ్చారు.

"యాడుండారు వాళ్ళిద్దరూ?" అంది కనకమ్మ.

"కనకం! నువ్వెట్ల వచ్చినావు? ఎవరిద్దరు?"

"ఒకటి మెత్తనిది. ఒకటి నిప్పంట కదా. చూపించండి. నేనూ కండ్లారా చూస్తా."

చెన్నకేశవులు చూపు బల్ల మీద తెరిచి ఉన్న నోట్‌బుక్ మీదికి పోయింది. అక్కడి నుంచి వెంకటేశులు ముఖం మీదికి, గంగమ్మ చేతిలోని గంటె మీదికి, శేషన్న పిడికిలి మీదికి పోయింది. పత్తి ధర ఒక్కసారిగా పడిపోయినప్పుడు కూడా అతనికి అంత చెమట పట్టలేదు. తన ప్లేటు ముందుకు జరిపాడు. అందులో నాలుగు ముద్దల ఉగ్గాని, కొరికిన బజ్జీ ఒకటి మిగిలి ఉన్నాయి.

"ఇది ఉగ్గాని. ఇది బజ్జీ," అన్నాడు.

"ఉగ్గాని గురించి ఎవరన్నా అట్ల రాస్తారా?" అన్నాడు లోకేష్. అది అందరి మాటా.

చెన్నకేశవులు ఫోను తెరిచి కూతురికి చేశాడు. గొంతు అందరికీ వినపడేటట్టు పెట్టి, కనకమ్మను అడగమన్నాడు. "అవునమ్మా, నేనే రాయమన్నా. తిండిని మనిషి అనుకోవాల. నాన్న నిజంగా రాసినాడా? అబ్బ, ఎంత బాగుంది!" అని వర్షిణి సంబరపడిపోయింది. ఆమె సంబరంలో ఎవరూ పాలుపంచుకోలేదు. మారుతి నోట్‌బుక్ తీసుకుని, ప్లేటు పక్కన పెట్టుకుని, సరిచూస్తూ మళ్ళీ చదివాడు. పచ్చగా ఉంది, నిజమే. మెత్తగా ఉంది, అదీ నిజమే. కొరికిన గుర్తు బజ్జీ మీద స్పష్టంగా ఉంది. జనం తలలాడించారు. శేషన్న పిడికిలి విప్పి, ఆ చేత్తోనే చెన్నకేశవులు భుజం తట్టాడు. అందరూ కాస్త నిరాశగా తమ బల్లల వైపు తిరగబోయారు.

"అయితే ఆడది కాదు," అంది కనకమ్మ మెల్లగా.

"ఒట్టు కనకం. కాదు."

"ఉగ్గాని."

"ఉగ్గానే!" అన్నాడు చెన్నకేశవులు ఆనందంగా.

"ఇంట్లో ఇన్నేళ్ళలో ఇట్లాంటి సుఖం మీరు ఎరగరు."

చెన్నకేశవులు మంచినీళ్ళ గ్లాసు అందుకున్నాడు.

"ఆడదయ్యుంటే మా వాళ్ళను నలుగుర్ని పిలిచి పంచాయితీ పెడుదును. ఉగ్గానికి ఏం పంచాయితీ పెట్టేది? పొద్దున్నే లేచి చిత్రాన్నం చేసి ఇస్తిని. మూత గూడా తియ్యలేదే!" సంచిలోంచి డబ్బా తీసి బల్ల మీద ఠక్కున పెట్టింది. ఇంతసేపూ రాని నీళ్ళు అప్పుడు వచ్చాయి ఆమె కళ్ళలోకి. తర్వాత కొంగుతో ముఖం తుడుచుకుని, మూల బల్ల దగ్గర కూర్చుంది. "నాకూ ఒక ప్లేటు పెట్టండి. ఆ సుఖమేందో నేనూ చూస్తా. మీరంతా దూరం జరగండి."

గంగమ్మ స్వయంగా తెచ్చి పెట్టింది. ఎవరూ చెప్పకుండానే కనకమ్మ ముందు ప్లేటును చూసింది, వంగి వాసన చూసింది, ముద్దను నాలుక మీద పెట్టుకుని చాలాసేపు ఉంచుకుంది. వండేవాళ్ళు ఎప్పుడూ అలాగే తింటారు.  వెంకటేశులు చేతిలో సాంబారు బకెట్ అలాగే ఉండిపోయింది.

"పప్పుల పొడిలో ఏమేసినావక్కా?" అంది చివరికి.

"ఎండు కొబ్బెర. రోంత ఎల్లిపాయ," అంది గంగమ్మ.

"బాగుంది," అంది కనకమ్మ. ఒప్పుకోవడం కష్టమైంది కానీ, అబద్ధం చెప్పే వంటమనిషి కాదు ఆమె.

చెన్నకేశవులు గట్టిగా ఊపిరి వదిలాడు. కొంచెం ముందుగా వదిలాడు.

"అప్పా, ఆ కాయితం ఇంకోసారి సదువు," అంది గంగమ్మ మారుతితో. అతను చదివాడు. ఈసారి ఎవరూ అనుమానపడలేదు. గంగమ్మ గంటె కిందికి దించి, కళ్ళు నేలకేసి, ప్రతి మాటా విన్నది. కళ్ళారా చూశాను అన్నచోట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత మొగుడి వైపు తిరిగింది.

"పెండ్లయిన కాడి నుంచి ఆ పొయ్యి ముందరే ఉండా. ఉప్పు ఎక్కువైతే అరుస్తావు. తక్కువైతే అరుస్తావు. బాగుంటే నీ నోరు యాడికి పోతాదయ్యా?"

"బాగుంది కాబట్టే కదే జనం వస్తాండేది," అన్నాడు శేషన్న.

"అది జనం. నువ్వేం సెప్పినావు? ఇంతకాలానికి ఒకాయన మంచి మాట రాస్తే, నన్ను అనుమానపడినావు!"

"మా ఆయన రాయనైతే రాసినాడక్కా," అంది కనకమ్మ చేతులు కడుక్కుంటూ. "నా వంట గురించి కాదు, నీ వంట గురించి రాసినాడు." ఇద్దరు ఆడవాళ్ళూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మగవాళ్ళిద్దరికీ అది మంచి సూచనగా కనపడలేదు.

"నువ్వు ఎప్పుడన్నా యాడికన్నా పోతావా అక్కా?" అని అడిగింది కనకమ్మ.

"యాడికి పోయేది? ఉరుకుంద ఈరన్నకు టెంకాయ కొడదామని శానా ఏండ్ల నుంచి అంటాండా. సోమారం సంత అంటాడు, ఆదివారం గిరాకీ అంటాడు."

"కారుంది. లెయ్."

గంగమ్మ ఒక్క క్షణం ఆలోచించింది. జల్లిగంటె తీసి శేషన్న చేతిలో పెట్టింది. చిత్రాన్నం డబ్బా కనకమ్మ చంకలో పెట్టుకుంది. దారిలో ఏ చెట్టు కిందనో తింటారట. సంతోషమ్మ ఇడ్లీ పార్శిల్ తీసుకుని, అందరి కోసం ప్రార్థన చేస్తానని చెప్పి కూతురింటికి పోయింది.

"గిరాకీ ఉందే! వంట ఎవరు చేసేది?" అని శేషన్న పందిరి దాకా వెంటపడ్డాడు.

"ఉగ్గాని గురించి అంత తెలిసినాయన లోపలే ఉండాడు గదా. సేపించుకో," అని గంగమ్మ ముందు సీట్లో కూర్చుంది.

"మారుతీ, నేనన్నా వస్తా ఉండప్పా," అన్నాడు చెన్నకేశవులు.

"కారు నాదే కానీ బావా, అది అక్క చెప్పిన చోటికే పోతుంది," అన్నాడు మారుతి, అద్దం పైకి ఎత్తుతూ.

ఆ కారు మలుపు తిరిగేసరికి హోటలు ముందర జనం ఇంకా పెరిగారు. కొరికినాయన ఇక్కడే ఉన్నాడట అన్న కబురు అప్పటికే సర్కిల్ దాకా పాకింది. చూడ్డానికి వచ్చినవాళ్ళు ఊరికే నిలబడలేక తలా ఒక ప్లేటు చెప్పారు. చెన్నకేశవులు ఇస్త్రీ చొక్కా విప్పి మేకుకు తగిలించి, బనీనుతో పొయ్యి ముందు నిలబడ్డాడు. బొరుగులు నీళ్ళలో వేసి, యార్డులో పత్తిని పిసికినంత గట్టిగా పిండాడు. శేషన్న మిరపకాయలు చీరుతూ చేతులు మండి, ఆ చేతులతోనే ముఖం తుడుచుకుని, గోడ పట్టుకుని వచ్చాడు.

"పసుపు ఎంత వెయ్యాల శేషన్నా?"

"నాకేం తెలుసన్నా? పచ్చగా ఉండాలని నువ్వే రాసినావు కదా. నువ్వు చూసినంత పచ్చగా వచ్చేదాకా వెయ్."

చెన్నకేశవులు వేశాడు. వెంకటేశులు ప్లేట్లు మోసుకుపోయాడు. జనం తిన్నారు.

ఆ రోజు శేషన్న హోటల్లో రెండో ప్లేటు అడిగినవాళ్ళు ఎవరూ లేరు.